కాటా లూదియమ్మ

నంద్యాలలో మిల్లులతో పని ఉన్నవాళ్లు ఎవరిని అడిగినా లూదియమ్మ కాటా ఎక్కడుందో చెబుతారు. బోర్డు మీద ఉన్న పేరు వేరు. యజమాని యూసుఫ్ సాబ్ వాళ్ల నాయన పేరుతో పెట్టించాడు గానీ, ఆ పేరు డ్రైవర్లెవరికీ తెలియదు. "లూదియమ్మ దగ్గర తూకం ఏపిచ్చుకోని రాపో" అంటారు, అంతే. చెరువు కట్ట దిగి మిల్లుల వైపు పోయే రోడ్డులో ఎడమ పక్కన నేలకు సమానంగా పరిచిన పొడవాటి ఇనుప పలక ఉంటుంది. దాని పక్కనే మూడు వైపులా అద్దాలున్న చిన్న గది. సరుకుతో వచ్చిన లారీ ఆ పలక మీద నిలబడుతుంది. లోపల కంప్యూటర్ ముందు కూర్చున్న లూదియమ్మ బరువు చూస్తుంది. సరుకు దించుకుని ఖాళీగా వచ్చినప్పుడు మళ్లీ చూస్తుంది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి చీటీ ఇస్తుంది. ఆ చీటీలో ఎంత ఉంటే అంతే రైతు పండించినట్టు, అంతే మిల్లుకు చేరినట్టు.

నా పేరు శ్యాంసుందర్. ఆ రోడ్డులోనే ఒక బియ్యం మిల్లులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాగా ఉన్నాను. లూదియమ్మను ఆమె జిన్నింగ్ మిల్లులో పనిచేసే రోజుల నుంచీ ఎరుగుదును. ఆమెతో ఒకసారి రోడ్డు మీద అందరి ముందూ పోట్లాడాను కూడా. తప్పు నాదే.

ఆమె పుట్టింది శిరివెళ్ల మండలంలో ఒక చిన్న పల్లెలో. తండ్రి శాంతయ్య కూలికి పోయేవాడు. ఆమెకు ఆరేళ్లప్పుడు వరసగా రెండేళ్లు కాలువకు నీళ్లు సరిగా రాలేదు. పల్లెలో పని లేక ముగ్గురూ నంద్యాల వచ్చేశారు. శాంతయ్య బియ్యం మిల్లులో హమాలీగా కుదిరాడు. తల్లి బాలమ్మ అదే మిల్లులో నూకలు చెరిగేది. మిల్లు వెనక వరసగా ఉన్న రేకుల ఇళ్లలో ఒకటి వాళ్లది. గోడకు అవతల రేయింబవళ్లు మిల్లు మోత. కరెంటు పోయి మిల్లు ఆగిందంటే పాప ఉలిక్కిపడి లేచి కూర్చునేదని బాలమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

లూదియా పదో తరగతి బాగానే పాసైంది. కాలేజీలో చేరాలనుకున్న ఏడే శాంతయ్య నడుము పట్టేసి ఆరు నెలలు మంచాన పడ్డాడు. ఆ ఆరు నెలలూ ఆమె బస్తాల మూతులు కుట్టే పనికి పోయింది. తండ్రి లేచి తిరిగేసరికి ఆ పని ఆమెకు అలవాటైపోయింది. తర్వాత పెళ్లయింది. భర్త ప్రేమ్ సాగర్ పాణ్యం అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీ డ్రైవరు. మెత్తని మనిషి, మాట తక్కువ. చర్చిలో పాడేటప్పుడు మాత్రం అతని గొంతు వెనక బెంచీ దాకా వినిపిస్తుంది. ఒక్కతే కూతురు, బ్లెస్సీ.

పెళ్లయ్యాక లూదియమ్మ పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లుకు మారింది. అక్కడ గాలి నిండా నూగు. తొమ్మిదేళ్లు పీల్చింది. దగ్గు పట్టుకుంది. ఎండాకాలంలో తగ్గేది, పత్తి సీజన్ మొదలవగానే తిరగబెట్టేది. ఒక ఏడు డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మిల్లు మానకపోతే మందులు రాయడం దండగ అన్నాడు.

ఆ వారంలోనే యూసుఫ్ సాబ్ కాటా చూసుకునే మనిషి చెప్పకుండా మానేసి హైదరాబాదు పోయాడు. శాంతయ్యకు ఆ సంగతి తెలిసింది. యూసుఫ్ సాబ్ గోదాములో అతను పదేళ్లు బస్తాలు మోశాడు. ఆ చనువుతో నేరుగా పోయి అడిగాడు.

"మా పాప పది పాసైందప్పా. కంప్యూటరు నేర్పిస్తే నేర్సుకుంటాది. పెట్టుకో."

యూసుఫ్ సాబ్ ఆశ్చర్యపోయాడు. "ఈ లారీల మధ్యన ఆడమనిషిని కూర్చోబెట్టమంటావా శాంతయ్యా? డ్రైవర్ల నోళ్లు ఎట్లుంటాయో నీకు తెల్దా?"

"జిన్నింగు మిల్లులో దుమ్ము మధ్యన కూర్చునింది కదా తొమ్మిదేండ్లు. నీది అద్దాల రూము. దాని బాధ దానికిడువు. ఒక నెల చూడు. రాకపోతే పంపిచ్చెయ్."

ఒక నెల చూశాడు. అది జరిగి ఇప్పటికి పద్నాలుగేళ్లయింది.

మొదటి నెల మాత్రం అంత సులభంగా గడవలేదు. కంప్యూటర్ రెండు రోజుల్లో వచ్చింది, మనుషులు రావడానికి నెల పట్టింది. కొత్త మనిషి, అందులోనూ ఆడమనిషి అని తెలిసి డ్రైవర్లు ఒక్కొక్కడూ ఒక్కో విద్య చూపించారు. ఖాళీ లారీ తెచ్చినప్పుడు వెనక చక్రం ఒకటి పలక అంచు దాటించి నిలిపేవాడు ఒకడు. డీజిల్ ట్యాంకు నింపుకుని ఒకసారి, ఖాళీ చేసుకుని ఒకసారి వచ్చేవాడు ఇంకొకడు. ఒక ముసలి డ్రైవరైతే సరుకుతో వచ్చినప్పుడు క్లీనర్‌ని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఖాళీగా వచ్చినప్పుడు వాణ్ణి టీ కొట్టు దగ్గర దించేసి వచ్చేవాడు. మూడోసారి లూదియమ్మ అద్దం పక్కకు జరిపి అడిగింది.

"అన్నా, మీ క్లీనరు కూడా వడ్లేనా?"

"ఏందీ?"

"సరుకుతో పాటు ఆయప్పను కూడా మిల్లులోనే దించొచ్చినావు కదా. ఎన్ని కిలోలుంటాడో చెప్పు, చీటీలో రాస్తా."

వెనక లారీలవాళ్లు పగలబడి నవ్వారు. ముసలాయన దిగి పోయి క్లీనర్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ తర్వాత ఆమె దగ్గర ఎవరూ ఆ పని చేయలేదు. ఆ ముసలాయనే తర్వాత తర్వాత వాళ్ల పొలంలో కాసిన వంకాయలు తెచ్చి ఆమె కిటికీలో పెట్టిపోయేవాడు.

ఆ గదిలో కూర్చున్న మనిషికి ఊరంతా తెలిసిపోతుంది. మిల్లు గుమాస్తాలం మాకు వడ్లు, బియ్యం, తవుడు తప్ప వేరే తెలియదు. ఆమె ముందు నుంచి అన్నీ పోతాయి. నవంబరులో శిరివెళ్ల, ఆళ్లగడ్డ వైపు నుంచి వడ్ల ట్రాక్టర్లు. అదే సమయంలో ఆకాశమంత ఎత్తు తొక్కిన పత్తి లారీలు; చూడ్డానికి కొండ, తూకంలో ఏమీ ఉండదు. ఫిబ్రవరి దాటితే ఉయ్యాలవాడ నల్లరేగళ్ల శనగలు. ఎండాకాలంలో మొక్కజొన్న, జొన్న. ఏడాది పొడుగునా సిమెంటు, బేతంచెర్ల బండలు, బాయిలర్లకు పోయే ఊక, నూనె మిల్లులకు పోయే తవుడు. చెరువులో చేపలు పట్టిన రోజున ఐసు కారుతూ చిన్న వ్యాన్లు వస్తాయి. పలకంతా నీచు వాసన. లూదియమ్మ బకెట్టుతో నీళ్లు పోసి కడిగిస్తుంది.

నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక సరుకులు మారాయని మొదట చెప్పింది ఆమే.

"ఊర్లో ఇండ్లు లేస్తాండాయి శ్యామన్నా. వడ్ల లారీ ఒకటి వస్తే కంకర లారీలు నాలుగొస్తాండాయి. టైల్సు చూడు, ఎన్ని లోడ్లో. ఈ ఊరు ఏం తింటాందో, ఏం కడతాందో నాకు ఈడనే తెలిసిపోతాది."

ఆళ్లగడ్డ నుంచి రాతి విగ్రహాలు వచ్చిన రోజు ఆమెకు పండగ. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కినవి గడ్డి పరిచిన లారీలో, గోనెసంచులు చుట్టుకుని వస్తాయి. క్రేను వాళ్లకు బరువు చెప్పాలి గనుక ఎక్కించినవాళ్లు చీటీ అడుగుతారు. అలాంటి లారీ ఆగితే లూదియమ్మ గది దిగి వచ్చి, "మొగం ఒకసారి చూపిచ్చన్నా" అని అడుగుతుంది. వాళ్లు గోనెపట్ట తొలగిస్తారు. దేవుడో, నాయకుడో, ఎవరింటి ముందరో నిలబడే సింహమో. ఆమె ఏదైనా ఒకేలా చూస్తుంది. ఒకసారి పాలరాతి తల్లి బొమ్మ వచ్చింది, ఒళ్లో బిడ్డ. బిడ్డ కాలివేళ్లు చూసి, "గోర్లు గూడా చెక్కినాడు చూడు, ఎవురు చూస్తారని చెక్కినాడో" అంది. ఆ మధ్యాహ్నమంతా వచ్చిన వాళ్లందరికీ ఆ గోళ్ల సంగతే చెప్పింది.

మధ్యాహ్నం రెండు గంటలకు లారీలు పలచబడతాయి. అప్పుడు టిఫిన్ డబ్బా తీస్తుంది. జొన్నరొట్టె, బుడ్డల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి. చెరువు వైపు అద్దం తెరిస్తే గాలి చల్లగా కొడుతుంది. జిన్నింగ్ మిల్లు మానిన రెండేళ్లకు దగ్గు పూర్తిగా పోయింది. తన మందు ఆ గాలేనని ఆమె నమ్మకం. చెరువు నిండితే మొదట మురిసేది కూడా ఆమే. ఆ చెరువే ఒకసారి ఆమె కాటాకు చెరుపు చేసింది.

మూడేళ్ల కిందటి మాట. నవంబరు చివర. తుపాను పట్టి రెండు రోజులు ముసురు. రెండో రోజు రాత్రంతా కుండపోత. చెరువు నిండి, కట్ట కింద ఊట నీరు పొంగి రోడ్డు పక్క కాలువలు ఒకటయ్యాయి. తెల్లారేసరికి వాన తెరపిచ్చింది. కోసిన వడ్లు తడిసిపోతాయని రైతులు దొరికిన బండి కట్టుకుని మిల్లులకు పరుగెత్తుకొచ్చారు. ఎనిమిది గంటలకే లూదియమ్మ కాటా ముందు ఇరవై బండ్లు. మా మిల్లుకు రావలసినవే లైను చివర ఆరున్నాయి. మా ఓనరు ఫోన్ల మీద ఫోన్లు. నేను గొడుగు పట్టుకుని కాటా దగ్గరే నిలబడ్డాను.

లూదియమ్మ తొందర తొందరగా పంపిస్తోంది. పదకొండు బండ్లు పూర్తయ్యాయి. పన్నెండోది శిరివెళ్ల సంజీవయ్య ట్రాక్టరు. పొద్దున్నే సరుకుతో తూకమై, మిల్లులో దించి ఖాళీగా తిరిగొచ్చింది. సంజీవయ్య పెద్దమనిషి, ఎదురు మాట్లాడే రకం కాదు. చీటీ కోసం తల వంచుకుని నిలబడ్డాడు. లూదియమ్మ చీటీ ఇవ్వలేదు. కంప్యూటరు వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత గది దిగి వచ్చి ట్రాక్టరు చుట్టూ తిరిగింది. టైర్ల మీద బురద చూసింది.

"ఈ ట్రాలీ మారిచ్చినావా నాయనా?"

"లేదమ్మా, అదే ట్రాలీ."

"పోయినేడుది గూడా ఇదే కదా. దీని ఖాళీ బరువు మూడువేల ఏడువందల నలభై. ఎప్పుడొచ్చినా అంతే, ఐదో పదో అటూ ఇటూ. ఈ పొద్దు మూడువేల ఆరువందల ఎనభై చూపిస్తాంది."

సంజీవయ్యకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. అరవై కిలోల కోసం ఇంత ఆలోచన ఏమిటని చిరాకేసింది.

"బండ్లాగిపోయినాయి లూదియమ్మా, బేగా కానీ," అన్నాను.

"శ్యామన్నా, టైర్లకు చూడు ఎంత బురదుందో. ట్రాలీ చెక్కలు నానిపోయుండాయి. బరువు పెరగాల గానీ ఎట్ల తగ్గుతాది?"

అప్పటికీ నాకు ఎక్కలేదు. ఆమె రోడ్డు అవతల కూర్చున్న హమాలీల వైపు తిరిగింది. తమ మిల్లుకు ఇంకా బండ్లు రాక పన్నెండు మంది బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు. వాళ్ల మేస్త్రీ దావీదు ఆమెకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. శాంతయ్య దగ్గర పని నేర్చుకున్న మనిషి.

"దావీదు అన్నా, మీవాళ్లందర్నీ తీసుకోని ఒకసారి పలక మీదికి రాండి."

"ఏంటికి పాపా? మమ్మల్ని గూడా అమ్మేస్తాండావా?"

"రాండప్పా, చెప్తా."

సంజీవయ్య ట్రాక్టరు పక్కకు తీశాడు. పన్నెండు మంది పలక ఎక్కారు. లూదియమ్మ వాళ్లను గేటు వైపు కుడి మూలకు పంపి, అక్కడ గుంపుగా ఆనుకుని నిలబడమంది. గదిలోకి పోయి చూసింది. ఏడువందల నలభై అయిదు. ఎడమ మూలకు పొమ్మంది. ఏడువందల నలభై అయిదు. గది పక్క మూలకు. ఏడువందల నలభై. చివరగా చెరువు వైపు మూలకు. ఏడువందలు కూడా లేదు. ఆరువందల ఎనభై అయిదు.

అద్దం పక్కకు జరిపి ఆ అంకె గట్టిగా చదివింది. దావీదు వెంటనే అన్నాడు: "ఆ మూల నుంచి ఈ మూలకు నడిస్తే అరవై కిలోలు తగ్గిపోతే, మా ఇంటిదాన్ని రోజూ ఈడికే తోలుకోనొస్తా."

లైనులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ పలక కింద ప్రతి మూలా బరువును పట్టే పరికరం ఒకటి ఉంటుంది. చెరువు వైపు మూలది దెబ్బ తింది. గుంతలోకి ఊట నీరు చేరిందన్నమాట. బండి బరువు ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ కోత పెడుతోంది. సరుకుతో వచ్చిన బండికి ఎక్కువ కోత, ఖాళీ బండికి తక్కువ కోత. మధ్యలో పోయేవి రైతు వడ్లు.

ఆమె గదిలోంచి తాడు తెచ్చి పలకకు అడ్డంగా కట్టేసింది.

"ఈ పొద్దు తూకం లేదు. కాటా తప్పు చూపిస్తాంది. వేరే కాటాకు పోండి."

అప్పుడు నేను పోట్లాడాను. వేరే కాటా ఊరికి అవతల వైపు. అక్కడా ఇంత లైను ఉంటుంది. మబ్బు మళ్లీ కమ్ముకొస్తోంది. నా ఆరు బండ్లూ తడిస్తే ఓనరు నన్ను అంటాడు. "చిన్న తేడాకు ఇంత రాద్ధాంతమా? అందరికీ అదే కాటా, అందరికీ అదే తూకం. మొత్తం ఆపేస్తావా? నీకేం పోయింది, జీతం వస్తాది!" ఇంకా ఏవేవో అన్నాను. అన్నీ రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆమె యూసుఫ్ సాబ్‌కు ఫోను చేసింది. ఆయన ఆ రోజు చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి కడపలో ఉన్నాడు. ఫోను స్పీకరులో పెట్టింది గనుక మేమంతా విన్నాం.

"మెకానిక్కును రేపు పొద్దున్నే పంపిస్తాలే లూదియమ్మా. సీజన్ టైములో ఆపితే ఎట్ల? సాయంత్రం దాకా ఎట్లో ఒకట్ల నడిపిచ్చు."

"నడపలేను సాబ్."

"నేను చెప్తాండా కదా!"

"మీరు చెప్పినా గానీ చీటీ కింద నేను సంతకం పెట్టాల. తప్పని తెలిసినాక ఎట్ల పెడతా? మీరొచ్చి పెట్టండి, నేను ఇంటికి పోతా."

అవతల మేళం చప్పుడు వినిపించింది. తర్వాత ఫోను పెట్టేశాడు. ఆమె ముఖం పాలిపోయింది. నేను చూశాను. ఆ ఏడు బ్లెస్సీని నర్సింగు కోర్సులో చేర్చారు. ప్రేమ్ సాగర్‌కు ఫ్యాక్టరీలో వారానికి నాలుగు రోజులే డ్యూటీ. ఈ పని పోతే ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు.

బండ్లు ఒక్కొక్కటే తిట్టుకుంటూ కదిలాయి. నావి ఆరూ కదిలాయి. నేనింకా కోపంగానే ఉన్నాను. పోదామని తిరిగితే ఆమె లోపల ఫోను పట్టుకుని చీటీల నకళ్లు ముందేసుకుని కూర్చుని ఉంది. పొద్దున్నుంచి ఇచ్చినవి పదకొండు. ఒక్కొక్కరికీ ఫోను చేస్తోంది.

"అన్నా, నేను కాటా లూదియాను. పొద్దున ఇచ్చిన చీటీ తప్పు. మిల్లుకు ఇయ్యొద్దు. ఇచ్చింటే ఆపమని చెప్పు. వడ్లు ఇంగా కలపకపోతే మళ్లీ తూకం ఏపిచ్చుకో. తప్పు నాదేనన్నా."

ఆమె తప్పు ఎక్కడుంది? వాన తప్పు. అయినా పదకొండు సార్లూ అదే మాట అంది. ఇద్దరు రైతులు ఆమెను తిట్టారు. ఒకాయన మంచిదమ్మా అని ఏడ్చినంత పని చేశాడు. నాలుగో పేరు పలికేసరికి నాకు గుర్తొచ్చింది, ఆ పదకొండులో ఒక బండి, చీటీ ఆగిపోయిన సంజీవయ్య బండి రెండూ మా మిల్లులోనే దిగాయి.

నేను మిల్లుకు నడిచాను. ఆ రెండు బండ్ల వడ్లు ఇంకా గచ్చు మీద విడివిడిగా పోసి ఉన్నాయి. బస్తాలకెత్తించి మా చిన్న త్రాసు మీద ఒక్కొక్కటీ తూకం వేయించాను. హమాలీలు గొణిగారు. మా ఓనరు మీదికొచ్చి, "ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు. కాటా తప్పు చూపించిందని చెప్పాను. ఆయన గచ్చు మీది బస్తాలు ఒకసారి చూసి లోపలికి పోయాడు. ఒక బండికి తొంభై కిలోలు, ఇంకోదానికి డెబ్బై కిలోలు తేడా వచ్చింది. మొదటిది సంజీవయ్యది. సరైన బరువుతో చీటీ రాసిస్తే ఆయన రెండు చేతులా పట్టుకుని చదువుకున్నాడు.

"ఆయమ్మ ఎవురి బిడ్డప్పా?" అని అడిగాడు.

"హమాలీ శాంతయ్య బిడ్డ. మీ శిరివెళ్ల వైపే."

"మావూరి వైపేనా!" అన్నాడు. ఆ మాటకే ఆయన ముఖం వెలిగింది.

పదకొండులో తొమ్మిది బండ్లకు బరువు దొరికింది. రెండింటి వడ్లు అప్పటికే పెద్ద రాశిలో కలిసిపోయాయి. ఆ రెండూ దిగిన మిల్లు వాళ్లతో లూదియమ్మే పోయి మాట్లాడింది. మిగతా బండ్లకు వచ్చిన తేడా చూపించి, ఆ లెక్కన వీళ్లకూ కలపమంది. అరగంట వాదించాక ఒప్పుకున్నారు.

మర్నాడు కర్నూలు నుంచి మెకానిక్ వచ్చాడు. పలక ఎత్తి చూస్తే గుంతలో మోకాలి లోతు నీళ్లు. చెరువు వైపు మూలలో వైరు పైతొడుగు ఎలుకలు కొరికి ఉంది. నీళ్లు తోడి, కొత్త వైరు వేసి, తూనికలు కొలతల వాళ్లు వచ్చి పరీక్షించి ముద్ర వేసేసరికి నాలుగు రోజులు. సీజన్ మధ్యలో నాలుగు రోజులు ఆ పలక మీద ఒక్క బండి ఎక్కలేదు. ఆ నాలుగు రోజులూ లూదియమ్మ పొద్దున్నే వచ్చి గది తుడిచి కూర్చునేది. రేపటి నుంచి రావద్దని ఎప్పుడు చెబుతారోనని ఎదురుచూసేది.

యూసుఫ్ సాబ్ మూడో రోజు వచ్చాడు. నేను నా తప్పు ఒప్పుకుందామని అప్పుడే అక్కడికి పోయి ఉన్నాను. ఆయన పలక చుట్టూ తిరిగాడు, గుంతలోకి వంగి చూశాడు. గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"నేనుండింటే నడిపిచ్చేవాణ్ణి," అన్నాడు. "అబద్ధమెందుకు, నడిపిచ్చేవాణ్ణే. నేను ఊర్లో లేకపోయేదే మంచిదయింది."

లూదియమ్మ తల ఎత్తింది.

"మా నాయన పేరు కదమ్మా పైన ఉండేది," అన్నాడు. "ఆ మూలకు గోడ ఎత్తిద్దాం. నీళ్లు చెరువు పక్క నుంచి రాకుండా. యాడ దాకా కట్టాలో చూపిచ్చు," అని లేచాడు.

ఇద్దరూ బయటికి పోయి గోడ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కట్టాలో అడుగులతో కొలుచుకున్నారు. నేను లోపలే నిలబడిపోయాను. ఆమె తిరిగొచ్చాక, "ఆ పొద్దు చానా మాటలన్నాను లూదియమ్మా, మనసులో పెట్టుకోవద్దు," అన్నాను.

"ఇడువన్నా. నీ బండ్లు తడిసినాయా?"

"ఒకటి తడిసింది."

"అయ్యో," అంది. నిజంగానే బాధపడింది.

ఆ సీజన్‌లో మిగిలిన రోజుల్లో జరిగింది ఎవరూ అనుకోనిది. నాలుగు రోజులు మూతపడిన కాటాకు లైను తగ్గలేదు, రెట్టింపయింది. శిరివెళ్లలో సంజీవయ్య చెప్పి ఉంటాడు. ఉయ్యాలవాడ దాకా మాట పాకింది. ఊరికి అవతల వైపు రెండు కాటాలు దాటుకుని, చుట్టు తిరిగి మరీ లూదియమ్మ దగ్గరికి రావడం మొదలుపెట్టారు రైతులు. కొందరు తూకం అయ్యాక కూడా పోకుండా, "మా ట్రాలీ ఖాళీ బరువు గుర్తు పెట్టుకోమ్మా" అని అడిగేవాళ్లు. ఆమె నిజంగానే గుర్తు పెట్టుకునేది.

యూసుఫ్ సాబ్ ఇప్పుడు కాటాకు తక్కువ వస్తున్నాడు. ఆయన మనవరాలు సానియా డిగ్రీ చదువుతోంది. సెలవుల్లో వచ్చి లూదియమ్మ పక్కన కూర్చుంటుంది. కెమెరాలు పెట్టి, మనిషి లేకుండా ఫోనులోనే చీటీ పంపే పద్ధతి ఒకటి వచ్చిందట. సానియా దాని గురించి ఉత్సాహంగా చెబుతుంది. లూదియమ్మ శ్రద్ధగా వింటుంది. "మంచిదే. అది టైర్ల బురద చూస్తాదా?" అని అడుగుతుంది. ఎగతాళికి కాదు, తెలుసుకుందామని. కెమెరా ఏ కోణంలో పెడితే టైరు కనబడుతుందో ఇద్దరూ కూర్చుని కాగితం మీద బొమ్మ వేసుకోవడం నేను చూశాను.

కొత్తగా మొదలైన ఆనవాయితీ ఒకటి ఉంది. అవతల వైపు కాటాల వాళ్లకు గిరాకీ తగ్గింది కదా, వాళ్లే వచ్చి ఆమెను అడిగారు. సీజన్ మొదలయ్యే ముందు మా పలక కూడా ఒకసారి చూసి మంచిదని చెప్పు, నీ మాటంటే రైతులు నమ్ముతారన్నారు. ప్రభుత్వం వాళ్ల ముద్ర ఎటూ ఉంటుంది. ఇది దాని మీద ఇంకో భరోసా. అప్పటి నుంచి ప్రతి నవంబరు మొదటి వారంలో ఒక పొద్దున దావీదు తన పన్నెండు మందిని వెంటేసుకుని రెండు ఆటోలు ఎక్కుతాడు. ముందు ఆటోలో లూదియమ్మ. ఊరి చుట్టూ ఉన్న కాటాలన్నీ తిరుగుతారు. ప్రతిచోటా నాలుగు మూలలా గుంపుగా నిలబడతారు. ప్రతిచోటా టీలు ఇస్తారు. హమాలీలు ఆ రోజు ఉతికిన చొక్కాలు వేసుకుంటారు.

పోయిన ఏడు నేనూ వెంట పోయాను. చివరిది ఆళ్లగడ్డ రోడ్డులో ఉన్న కాటా. పన్నెండు మంది మొదటి మూలలో నిలబడ్డారు. ఎనిమిదివందల పది. రెండో మూల, ఎనిమిదివందల పది. మూడో మూలా అంతే. నాలుగో మూలలో ఎనిమిదివందల ఇరవై అయిదు. కాటా యజమాని ముఖం మాడిపోయింది. లూదియమ్మ కిటికీలోంచి వంగి చూసింది.

"దావీదు అన్నా, మీ చేతుల్లో ఏందది?"

ఆ మూల పక్కనే టీ బంకు. నిలబడ్డ పన్నెండు మందిలో ప్రతివాడి చేతిలోనూ ఉడకబెట్టిన బుడ్డల పొట్లం. దావీదు చంకలో రెండు కొబ్బరిబోండాలు. అతని వెనక, టీ బంకు ఆయన మూడేళ్ల మనవరాలు ఒక హమాలీ భుజం మీద, ఎవరో ఎత్తుకోమంటే ఎత్తుకున్నాడట, కూర్చుని అందరికంటే పైనుంచి మమ్మల్ని చూస్తోంది.

"అన్నీ కింద పెట్టి రాండప్పా," అంది లూదియమ్మ నవ్వాపుకుంటూ. "ఆ పాపను ఈడికియ్యండి."

పాపను తెచ్చి ఆమె ఒళ్లో కూర్చోబెట్టారు. ఎనిమిదివందల పది వచ్చింది. ఆమె ఆ అంకెను పాపకు వేలితో చూపించి చదివి వినిపించింది.